మంత్రాలయం మీద మంచు

మంత్రాలయానికి పది మైళ్ల దూరంలో మా అత్త ఊరు. కనుచూపు మేర నల్లరేగడి. ఒక డిసెంబరు పొద్దున నేనక్కడ ఉండగా డల్లాస్ నుంచి ఆమె మనవరాలు వీడియో కాల్ చేసింది. "అవ్వా, ఈ రాత్రికి ఉరుములతో పెద్ద వానంట. రేపు మధ్యాహ్నానికి స్నో పడుతుందంట. బడి ఉంటుందో లేదో," అంది. అత్త ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని, "మాకూ మంచు పడతాంది పాపా. పప్పుశనగకు మంచిదేలే," అంది. ఇద్దరూ ఒకే సంగతి మాట్లాడుకున్నామనుకుని సంతోషంగా ఫోను పెట్టేశారు.

తెలుగులో మంచు అనే మాటకు చాకిరీ ఎక్కువ. గడ్డిపరక మీద నిలిచే నీటిబొట్టు మంచే. తెల్లవారుజామున బస్సు అద్దాన్ని కమ్మేసే తెర మంచే. హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. రాత్రి నేల చల్లబడినప్పుడు గాలిలోని ఆవిరి ఆకుల మీద నీరుగా కూడితే మొదటిది. అదే పని గాలిలోనే జరిగి, సన్నని తుంపరలు తేలుతూ ఉండిపోతే రెండోది. ఆవిరి నీటి దశ దాటకుండా నేరుగా గడ్డకట్టి పలుకులైతే మూడోది.

అత్త చెప్పింది మొదటి రకం. దాని విలువ రేగడి రైతుకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. అక్టోబరు చివర్లో, నవంబరులో పప్పుశనగ విత్తితే ఆ తర్వాత వాన పడినా పడకపోయినా, నేలలో దాగిన పదునూ రాత్రి మంచూ పంటను నెట్టుకొస్తాయి. పొద్దున్నే ఆ చేలో పది అడుగులు వేసి చూడండి. పాదాలు తడిసి, కాసేపటికి చురచురలాడతాయి. శనగ ఆకుల నూగు నుంచి ఊరే పులుపు మంచునీటిలో కలిసి కాళ్లకు అంటుకుంటుంది. నాలుక మీద వేసుకుంటే చింతచిగురు గుర్తొస్తుంది. ఆకాశం తేటగా ఉంటేనే ఈ మంచు. మబ్బు పడితే నేల వేడి పైకి పోకుండా దుప్పటి కప్పినట్టవుతుంది. ఆకు తడవదు, పైగా అలాంటి రోజుల్లోనే శనగపచ్చ పురుగు రేగుతుంది. అందుకే డిసెంబరులో మబ్బు చూస్తే మా అత్తకు గుబులు.

మరి డల్లాస్ పిల్ల చెప్పిన మంచు సంగతేమిటి? అది మంత్రాలయంలో పడదని అందరికీ తెలుసు. నిజమే, నేల మీద పడదు. అయితే ఆ పిల్ల చెప్పిన మూడూ, అంటే స్నో, పెద్ద వాన, ఉరుములు, ఏటా మంత్రాలయం మీదా ఉంటాయి. డల్లాస్‌లో అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తే, ఇక్కడ ఒకే మబ్బులో ఒకదాని మీద ఒకటి, మేడ అంతస్తుల్లా ఉంటాయి. మనం ఎప్పుడూ కింది అంతస్తులోనే కాపురం ఉంటాం కనుక పైన ఏం జరుగుతోందో కనబడదు.

ఆ మేడ ఎక్కుదాం. పైకి పోయేకొద్దీ గాలి కిలోమీటరుకు ఆరేడు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. రాఘవేంద్రస్వామి బృందావనం దగ్గర వేడి 30 డిగ్రీలుంటే, సరిగ్గా ఆ చోటి మీద దాదాపు ఐదు కిలోమీటర్ల ఎత్తున సున్నా. మన ప్రాంతంలో ఎండాకాలం చలికాలం అని లేకుండా ఈ సున్నా గీత కొద్ది తేడాతో అక్కడే ఉంటుంది. దక్షిణాదిలో అన్నిటికన్నా ఎత్తైన ఆనైముడి శిఖరమే 2,695 మీటర్లు, ఆ గీతకు సగం దూరంలో ఆగిపోయింది. ఆఫ్రికాలో భూమధ్యరేఖకు కూతవేటు దూరంలో ఉన్న కిలిమంజారో 5,895 మీటర్లు. అది గీత దాటింది కనుక దాని నెత్తిన మంచు నిలిచింది. మంత్రాలయంలో మంచు లేకపోవడానికి కారణం ఉష్ణదేశం కావడం ఒక్కటే కాదు. అంత ఎత్తు కొండ లేకపోవడం కూడా.

కొండ లేకపోయినా మబ్బు ఉంది. ఉరుముల మబ్బు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల దాకా ఎదుగుతుంది. దాని శిఖరం దగ్గర సున్నాకు దిగువన అరవై డెబ్భై డిగ్రీల చలి. అక్కడున్నదంతా మంచు పలుకులే. నడిమి అంతస్తులో ఒక వింత జరుగుతుంది. సున్నా దాటినా నీటి తుంపర వెంటనే గడ్డకట్టదు. పట్టుకోవడానికి ఒక ధూళి రేణువో మరొకటో దొరకాలి. దొరకనంత సేపు సున్నాకు దిగువన పదిహేను డిగ్రీలున్నా నీరు నీరుగానే తేలుతుంది. వాటి మధ్యకు ఒక్క మంచు పలుకు వచ్చిందా, చుట్టూ ఉన్న తుంపరలు ఆవిరవుతాయి, ఆ ఆవిరంతా పలుకుకు అంటుకుంటుంది. తుంపరలు చిక్కిపోతాయి, పలుకు బలుస్తుంది. 1930లలో ఈ సంగతి తేల్చి చెప్పినవాడు టోర్ బెర్గెరాన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త. బలిసిన పలుకులు ఒకదానికొకటి చిక్కుకుని రేకులై కిందికి జారతాయి. సున్నా గీత దాటాక కొన్ని వందల మీటర్లలోపే కరిగి చుక్కలవుతాయి. తుంగభద్ర ఘాట్ మెట్ల మీద నిలబడి గొడుగు విప్పేవాడికి తగిలే చుక్క చాలాసార్లు పావుగంట కిందటి మంచు రేకు.

'చాలాసార్లు' అన్నాను, 'ఎప్పుడూ' అనలేదు. సముద్రం దగ్గర పొట్టి మబ్బులు సున్నా గీతను తాకకుండానే చుక్కలు చుక్కలతో ఢీకొని వాన కురిపిస్తాయి. సన్నటి జల్లులకు మంచుతో పని లేదు. పెద్ద వానకు మాత్రం ఆ పై అంతస్తు కావాలి. 2000ల దశకంలో రాయలసీమలో ప్రభుత్వం మేఘమథనం చేయించినప్పుడు విమానాలు చల్లే మందుల్లో వెండి అయోడైడు పేరు అందరి నోళ్లలో నానింది. దాని పలుకు ఆకారం మంచు పలుకును పోలి ఉంటుంది. తుంపరలు మోసపోయి దాన్ని పట్టుకుంటాయని ఆశ. నిజంగా ఎంత వాన అదనంగా కురిసిందంటే నమ్మకంగా చెప్పగలిగినవారు తక్కువ, ఎందుకంటే చల్లకపోతే ఎంత పడేదో తెలుసుకునే మార్గం లేదు.

ఇప్పుడు ఉరుము. ఇక్కడా మంచుదే పెత్తనం. మబ్బు నడిమి అంతస్తులో రెండు రకాల మంచు తిరుగుతుంది. ఒకటి తేలికైన పలుకులు, రెండోది తుంపరలు అంటుకుని బరువెక్కిన మెత్తటి ఉండలు. పైకి లేచే గాలిలో ఇవి రెండూ రాసుకుంటాయి. రాసుకున్నప్పుడు ఉండకు రుణ విద్యుత్తు, పలుకుకు ధన విద్యుత్తు అంటుకుంటాయి. పలుకులు పైకి పోతాయి, ఉండలు నడిమికి దిగుతాయి. అలా మబ్బు ఒక పెద్ద బ్యాటరీ అవుతుంది. మంచు లేని మబ్బు సాధారణంగా ఉరమదు. చలికాలంలో అల్పపీడనం పట్టి రెండు రోజులు కురిసే ముసురుకు చినుకు ఎక్కువ, ఉరుము తక్కువ. అందులో మంచు లేక కాదు, దాన్ని ఎగరేసి రాపాడించే గాలి ఊపు లేక.

ఆ ఊపు మరీ ఎక్కువైతే ఉండలు కింద పడలేక పదే పదే పైకి లేస్తూ, పొర మీద పొర కట్టుకుని రాళ్లవుతాయి. అవే వడగళ్లు, మన రాళ్లవాన. పై అంతస్తు మంచు కరగకుండా మన దగ్గరకు దిగే దారి అదొక్కటే. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రోడ్లు, చేలు తెల్లగా కప్పుకుపోతే జనం కశ్మీరు వచ్చిందంటూ ఫొటోలు తీసి పంచుకున్నారు. పంట పోయిన రైతుకు ఆ ఫొటోలో కశ్మీరు కనిపించి ఉండదు.

మబ్బులో పైకి లేచే గాలితో పాటు కిందికి దూకే గాలీ ఉంటుంది. మంచు కరగడానికి, చినుకు ఆవిరవడానికి వేడి కావాలి. ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచే లాక్కుంటాయి. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి పడుతుంది. వానకు ముందు మట్టివాసన మోసుకొచ్చే ఆ చల్లటి విసురు ఇదే. నేల మీద ఉన్నవారికి అది హాయి, గాలిలో ఉన్నవారికి గండం. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కర్నూలు జిల్లా నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి ఐదుగురూ చనిపోయారు. హెలికాప్టర్ ఉరుముల మబ్బులోకి వెళ్లి కిందికి తోసే గాలికి చిక్కిందని దర్యాప్తు కమిటీ తేల్చింది. దీని చుట్టూ ఎన్ని కథలు అల్లినా, మబ్బు సంగతి కాస్త తెలిసినవారికి ఆ నివేదికలో నమ్మలేనిదేమీ కనబడదు.

ఆ మబ్బును ముందుగా చూసేదెలా? రాడార్‌తో. ఇక్కడ మంత్రాలయానికి ఒక తమాషా చిక్కుంది. హైదరాబాదులోని డాప్లర్ రాడార్ నుంచి మంత్రాలయం సూటిగా దాదాపు 200 కిలోమీటర్లు. రాడార్ కిరణాన్ని నేలకు అర డిగ్రీ వాలుతో పంపినా, భూమి గుండ్రంగా కిందికి వంగిపోతుంది కనుక మంత్రాలయం చేరేసరికి కిరణం నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మందం కూడా మూడు కిలోమీటర్లు దాటుతుంది. అంటే అది మంత్రాలయం వానను చూడటం లేదు. మంచు రేకులు కరిగే అంతస్తును చూస్తోంది. సగం కరిగిన రేకు రాడార్ కంటికి బ్రహ్మాండమైన నీటిచుక్కలా మెరుస్తుంది. ముసురు రోజుల్లో రాడార్ బొమ్మలో ఈ కరిగే పొర ప్రకాశవంతమైన పట్టీలా తేలుతుంది, ఉన్న వానను లేనంత పెద్దదిగా చూపిస్తుంది. ఇక కింద రాయలసీమ పొడిగాలి. నాలుగు కిలోమీటర్ల ఎత్తున ఉన్న చినుకు నేలకు చేరేలోపు సగం దారిలోనే ఆవిరైపోవచ్చు. ఫోన్లో మన ఊరి మీద ఎర్రటి మరక కనిపించి, బయటికొస్తే చుక్క లేకపోతే వాతావరణ శాఖను తిట్టుకుంటాం. రాడార్ అబద్ధం చెప్పలేదు. పై అంతస్తు సంగతి చెప్పింది.

బులెటిన్ భాష కూడా ఇలాగే విప్పి చదువుకోవాలి. "రాయలసీమలో ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు, ఉరుములతో కూడిన మెరుపులు" అని రేడియోలో విని, మన ఊళ్లో పడకపోతే జోస్యం తప్పిందంటాం. ఆ మాటల్లో ప్రతిదానికీ కొలత ఉంది. 'ఒకటి రెండు చోట్ల' అంటే వానమాపకాలున్న కేంద్రాల్లో పాతిక శాతానికి మించకుండా. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా. 'చాలా చోట్ల' అంటే ముప్పాతిక దాకా. 'భారీ' అంటే ఒక పొద్దున ఎనిమిదిన్నర నుంచి మరుసటి పొద్దున ఎనిమిదిన్నరలోపు 64.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి. 115.6 దాటితే అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. మిల్లీమీటర్లు మనసుకు ఎక్కవు కనుక ఎకరం లెక్కన చూడండి. 64.5 మిల్లీమీటర్లంటే ఎకరం మీద రెండు లక్షల అరవై వేల లీటర్లు, ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు యాభై రెండు. ఏడాదంతా కలిపి ఏడు వందల మిల్లీమీటర్లు కూడా గట్టిగా పడని చోట అది ఒక్కరోజులో దిగితే నల్లరేగడి ఎంత తాగుతుంది? ఎండకు నోరు తెరిచిన పగుళ్లు మొదటి గంటలో గటగటా తాగేస్తాయి. తడిసి ఉబ్బాక పగుళ్లు మూసుకుంటాయి. ఆ తర్వాత పడిందంతా వంక పాలు.

2009 హస్త కార్తెలో జరిగింది ఇదే. ఆ ఏడు దేశమంతటా కరువు. నైరుతి రుతుపవనం సగటు కంటే 22 శాతం తక్కువగా ముగిసింది. కర్నూలు రైతు ఆకాశం వంక చూసి చూసి విసిగిపోయిన వేళ, సెప్టెంబరు ఆఖరున బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం లోనికి వచ్చి ఇటు కర్నూలు, మహబూబ్‌నగర్ మీద, అటు రాయచూరు, బిజాపూర్, బాగల్‌కోట మీద తిష్ఠ వేసింది. మామూలుగా తుంగభద్రకు వరదంటే పశ్చిమ కనుమల నుంచి రావాలి, హోస్పేట డ్యాము నిండాలి, గేట్లెత్తాలి, కింది ఊళ్లకు దండోరా వేయాలి. అందరి చూపూ ఆ గేట్ల మీదే. ఈసారి వాన పడిందే డ్యాములకు కింద. వానే ఎరగని రేగడి నేలల మీద, వేదవతి, హంద్రి లాంటి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప మరేమీ పారని ఏళ్ల మీద. వాటి మీద ఎవరి చూపూ లేదు.

అక్టోబరు మొదటి రెండు రోజుల్లో నది మంత్రాలయంలోకి నడిచొచ్చింది. ఘాట్ మునిగింది, వీధులు మునిగాయి, మఠంలోకి నీళ్లు చేరాయి. దర్శనానికి వచ్చిన భక్తులు పై అంతస్తులకు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. గాంధీ జయంతి నాటికి కర్నూలు నగరం నీళ్లలో ఉంది. తుంగభద్ర ఉబ్బి ఉంటే హంద్రి నీళ్లు అందులోకి దిగలేవు, వెనక్కి తన్నుతాయి. పాతబస్తీ ఆ రెండింటి మధ్య ఇరుక్కుంది. అదే రోజు శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. ఆ డ్యాము గరిష్ఠంగా తట్టుకోవాలని అనుకున్నది 19 లక్షలు. పూర్తి మట్టం 885 అడుగులైతే నీరు 896 అడుగులు దాటింది. ముందే రిజర్వాయరు ఖాళీ చేసి ఉంటే కర్నూలు ఇంతగా మునిగేది కాదన్న వాదన ఇప్పటికీ ఆ ఊళ్లో వినబడుతుంది. నాకు తోచేది వేరు. కరువు ఏడాదిలో నిండిన చెరువును ఖాళీ చేయమని ఎవరు ఎవరికి చెప్పగలరు? రెండు రోజుల ముందే "ఇంత వాన, ఇదిగో ఈ ఏరు మీద" అని చేతిలో పెట్టగల సూచన ఉంటే తప్ప ఏ ఇంజనీరూ ఆ సాహసం చేయడు. అంత నిక్కచ్చిగా చెప్పగల స్థితి అప్పటికి లేదు.

సూచన ఏ ఊరిదో తెలియకపోవడం చిన్న లోపం కాదు. 2020లో తుంగభద్ర పుష్కరాలు నవంబరు 20 నుంచి డిసెంబరు 1 దాకా, చలికాలంలో వచ్చాయి. సరిగ్గా ఆ నడుమ, 25వ తేదీ రాత్రి దాటాక నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. 'రాయలసీమకు భారీ వర్ష సూచన' అన్నారు. నిజమైంది, కాకపోతే కడపలో. బుగ్గవంక పొంగి కడప వీధులు ముంచింది. మరుసటి ఏడు నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెల్లవారుజామున తెగి రాజంపేట పక్క పులపత్తూరు, మందపల్లి ఊళ్లను ఊడ్చుకుపోయింది. మంత్రాలయం రాయలసీమకు పడమటి అంచు, రాజంపేట తూర్పు గుమ్మం. ఈశాన్య రుతుపవనం బంగాళాఖాతం నుంచి వస్తుంది కనుక చలికాలం వానల్లో సింహభాగం రాజంపేటది, మంత్రాలయానికి మిగిలేది తోక. బులెటిన్లో మాత్రం రెండూ ఒకే పేరు కింద ఉంటాయి. అందుకే రాయలసీమ అన్న మాట విని ఊరుకోక, జిల్లా వారీ రంగుల పటం చూడాలి. పసుపు అంటే కనిపెట్టుకుని ఉండండి, నారింజ అంటే సిద్ధం కండి, ఎరుపు అంటే కదలండి.

ఇంకా దగ్గరి చూపు కావాలంటే మూడు గంటల సూచన ఉంది. రాడార్, ఉపగ్రహం, పిడుగుల జాడ పట్టే యాంటెన్నాలు, ఈ మూడింటినీ కలిపి వాతావరణ శాఖ రోజుకు చాలాసార్లు ఇస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన 'దామిని' యాప్ పిడుగు మీ చుట్టుపక్కలకు వస్తుంటే ఫోన్లో హెచ్చరిస్తుంది. ఫోను లేని గొర్రెల కాపరికి వేళ్లున్నాయి. మెరుపు చూసి, ఉరుము వినేదాకా ఒకటి రెండు లెక్కపెడితే మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పైలోపే ఉరుము వినబడితే పిడుగు మీ దాకా రాగల దూరంలో ఉంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటారు గానీ, పిడుగుకు మంగలం మీద పగేమీ లేదు. చదును నేల మీద ఏది నిక్కి నిలబడితే అదే దానికి దారి. రేగడి చేలో అది సాధారణంగా ఒంటరి వేపచెట్టు, లేదా పత్తి ఏరుతూ నిలబడ్డ మనిషి. వాన తప్పించుకోవడానికి ఆ చెట్టు కిందికే పరుగెత్తడం మనకు అలవాటు. తడిస్తే జలుబు చేస్తుంది, చెట్టు కిందికి పోతే ప్రాణం పోవచ్చు.

మూడు గంటల ముందు చెప్పే సూచనతో ఏం ప్రయోజనమని మా అత్త కొడుకు ఒకసారి నవ్వాడు. వాళ్ల కళ్లంలో అప్పుడు నాలుగెకరాల మిరప ఎండుతోంది. నలుగురు మనుషులుంటే దాన్ని కుప్ప చేసి పట్టలు కప్పడానికి గంట పడుతుంది.